చక్కెర రుచి కోసం కాదు

"విరేచనాలు పట్టుకుంటే పేగు పాడైపోతుంది, తాగిందంతా కిందికే పోతుంది. ఓఆర్‌ఎస్‌లో చక్కెర రుచికే, దానివల్ల విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. సెలైన్ ఎక్కించడమే మందు." ఎండాకాలం రాగానే ఫోన్లలో తిరిగే సందేశం ఇది. దీన్ని నమ్మి పసిబిడ్డకు నీళ్లు ఆపేసే తల్లులున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

పేగు పాడైపోతుందా? రోజూ మన చిన్నపేగులోకి దాదాపు 9 లీటర్ల ద్రవం చేరుతుంది. మనం తాగేది అందులో 2 లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జీర్ణరసాలు, పైత్యం. ఎక్కువ భాగాన్ని చిన్నపేగు, మిగిలినదాన్ని పెద్దపేగు పీల్చుకోగా మలంలో పోయేది గ్లాసుడు కూడా ఉండదు. కలరా విషం చేసే పని, పేగు కణాల చేత ఉప్పునీటిని పేగులోకి ఊరించడం, ఉప్పును పీల్చుకునే ఒక దారిని మూసేయడం. పేగు గోడ మాత్రం దాదాపు బాగానే ఉంటుంది. ఇంకో దారి తెరిచే ఉంటుంది.

ఆ దారి నడిచేదే చక్కెరతో. అక్కడ ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ ఉంది. ఒక గ్లూకోజ్ (ఒక రకం చక్కెర) అణువుతో పాటు ఉప్పులోని రెండు సోడియం అయాన్లను అది కణంలోకి చేరవేస్తుంది. గ్లూకోజ్ లేకపోతే ఉప్పుకు ఆ దారిన ప్రవేశం లేదు. లోపలికి వచ్చిన సోడియాన్ని ఇంకో పంపు రక్తం వైపు తోస్తుంది, దాని వెంటే నీరు పోతుంది. గ్లూకోజ్, సోడియం ఇలా జంటగా కణంలోకి వెళ్తాయని అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో చెప్పారు. విరేచనాలప్పుడు ఒట్టి ఉప్పునీళ్లు చాలకపోవడానికి కారణమూ ఇదే.

చక్కెర విరేచనాలను పెంచుతుందన్న మాటలో కొంత నిజముంది, కానీ అది మితిమీరినప్పుడు. కూల్‌డ్రింకులు, తియ్యటి జ్యూసులు నీటిని పేగులోకే లాగుతాయి. అందుకే కొలత ముఖ్యం: లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. ఈ కొలతలు లేని పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడవుతున్నాయని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. లీటరు ప్యాకెట్‌ను కొంచెం కొంచెంగా గ్లాసులో కలుపుకోవడం కూడా తప్పే, కొలత తప్పిపోతుంది.

ఇక సెలైన్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో కలరా చెలరేగి సెలైన్ సరిపోని పరిస్థితి వచ్చింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన పర్యవేక్షణలో సుమారు 3.6 శాతానికి దిగాయి. బిడ్డ స్పృహలో లేకపోయినా, తాగలేకపోయినా, వాంతులు ఆగకపోయినా సెలైన్ కావాల్సిందే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతా చాలామందికి ఓఆర్‌ఎస్ చాలు.

ఓఆర్‌ఎస్ తాగినా విరేచనాలు ఆగట్లేదని మధ్యలో మానేయకండి. వాటిని ఆపడం దాని పని కాదు, పోయిన నీటిని తిరిగి ఇవ్వడమే దాని పని. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి.