వరదొచ్చాక కాదు, మామూలు రోజుల్లోనే హెల్త్ రికార్డు కదలాలి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అన్నం పొట్లాలు, మంచినీళ్లు పడవల్లో, కొన్నిచోట్ల డ్రోన్లతో కూడా పంపారు. అన్నమైతే అందరికీ ఒకటే పెట్టొచ్చు. షుగరు, బీపీ, ఫిట్స్ ఉన్నవాళ్లకు మాత్రం ఎవరి మందు వాళ్లకే, ఎవరి డోసు వాళ్లకే ఇవ్వాలి. ఆ వివరాలున్న చీటీ నీళ్లలో నానిపోయాక, క్యాంపులో కూర్చుని "తెల్లటి చిన్న బిళ్లండీ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటే డాక్టరుకు మాత్రం ఏం తెలుస్తుంది?

2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ని ముంచినప్పుడు అమెరికాకీ ఇదే అనుభవం. ఆసుపత్రుల్లో కాగితం ఫైళ్లు కుప్పలు కుప్పలుగా పాడైపోయాయి. మాజీ సైనికులకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రుల రికార్డులు మాత్రం అప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి, వాటి బ్యాకప్ టేపులు హ్యూస్టన్ చేర్చి కొద్ది రోజుల్లోనే తెరవగలిగారు. మిగతావాళ్ల కోసం ఎన్నో బ్రాంచీలున్న మందుల షాపుల కంపెనీల దగ్గరున్న ప్రిస్క్రిప్షన్లన్నీ పోగేసి డాక్టర్లు చూసేలా ఒక వెబ్‌సైటు పెట్టారు గానీ, అది మొదలయ్యేసరికి తుపాను వచ్చి మూడు వారాలు దాటింది. ముందే రోజూ వాడుతున్నది పనికొచ్చింది, అప్పటికప్పుడు కట్టింది ఆలస్యమైంది. నా వాదనంతా ఇక్కడే ఉంది.

మనకు 2021 నుంచి హెల్త్ రికార్డుల్ని కంప్యూటర్లో కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఉంది, అందులో ఒక్కొక్కరి రికార్డుకు గుర్తుగా 14 అంకెల ఆభా నంబరు ఉంది. అయితే చాలామందికి ఆ నంబరంటే పెద్దాసుపత్రిలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే ఓపీ టోకెనే. నంబరు ఉన్నంత మాత్రాన అందులో రికార్డు ఉన్నట్టు కాదు. పల్లెల్లో ఏఎన్ఎమ్‌లు బీపీ, షుగరు వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తూనే ఉన్నారు, కానీ జనం సగం వైద్యం చేయించుకునే వీధి చివరి క్లినిక్కులో ఇప్పటికీ లెటర్‌హెడ్డూ, చేతిరాతే. ఆ డాక్టరుకు టైపు చేసే తీరిక లేదు, చేస్తే ఒరిగేదీ లేదు. ఆయన్ని కలుపుకోకుండా ఎన్ని కోట్ల నంబర్లు ఇచ్చి ఏం లాభం?

ఇంకో చిక్కు ఓటీపీ. రికార్డు చూడ్డానికి పేషెంటు అనుమతి కావాలి, దాని కోడ్ ఫోన్‌కి వస్తుంది, ఫోనేమో నీళ్లలో పోయింది, లేదా చార్జింగ్ లేదు. ప్రాణాపాయంలో, విపత్తులో అనుమతి లేకుండా డేటా వాడుకోవడానికి 2023 నాటి డేటా రక్షణ చట్టం చోటిచ్చింది. ఆ తలుపు తెరవాల్సిందే. కాకపోతే ఎవరు తెరిచారో, ఎందుకు తెరిచారో నమోదు కావాలి, తర్వాత పేషెంటుకు మెసేజ్ వెళ్లాలి. హెచ్ఐవీ, మానసిక వైద్యం లాంటివి బయటపడతాయన్న జనం భయం ఉత్తిది కాదు. 2022 నవంబరులో సైబర్ దాడి జరిగి ఢిల్లీ ఎయిమ్స్ అంతటిదే రోజుల తరబడి కాగితాల మీద నడిచింది మరి. అందుకే క్యాంపు డాక్టరుకు ఫైలంతా అక్కర్లేదు. వాడే మందులు, పడని మందులు, పాత జబ్బులు, డయాలసిస్ లాంటివేమైనా ఉంటే అదీ, ఒక్క పేజీ చాలు.

వానాకాలం ముందు అధికారులు మాక్ డ్రిల్లులు పెట్టి పడవలు, తాళ్లు సరిచూస్తుంటారు కదా. ఈసారి ఫోన్ లేని ఓ షుగర్ పేషెంటుని క్యాంపులో కూర్చోబెట్టి, ఆ ఒక్క పేజీ ఎన్ని నిమిషాల్లో వస్తుందో కూడా చూడమనండి.