చెట్టెక్కిన అల్లుడు

"ఏమండీ, అల్లుడి ఉద్యోగం పోయిందని నాకెందుకు చెప్పలేదు?"

పేపరు చదువుతున్న పెదనాన్న తల ఎత్తలేదు. "ఎవరి అల్లుడు?"

"మన అల్లుడే. మనకి ఉన్నది ఒక్కడే కదా, లెక్క తప్పడానికి."

"పోవడమేంటే? లక్షణంగా ఉద్యోగం చేసుకుంటుంటేనూ!"

"లక్షణంగా ఉన్నవాడు చెట్టెక్కి కూర్చుంటాడా?"

మా దొడ్డమ్మ ఏదైనా సగమే వింటుంది, మిగతా సగం తనే అల్లుకుంటుంది. ఒడిశా రాయగడలో వాళ్ల వాటాకీ మా వాటాకీ మధ్య ఒక్క ఇటుక వరస గోడే కాబట్టి ఆ రెండు సగాలూ పొద్దున్నే కాఫీతో పాటు నాకు అందుతాయి. ఆ రోజు మాత్రం గోడ చాల్లేదు, గ్లాసు పట్టుకుని వాళ్ల వరండాలోకే వెళ్లి కూర్చున్నాను.

"రాత్రి మీరు స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే వంటింట్లోంచి విన్నాను. వచ్చే నెల నుంచి తెల్లారకముందే చెట్టెక్కుతాడట. ఒక్క జింక దొరికినా శీతాకాలం చాలామట్టుకు మాంసం కొనక్కర్లేదట. ఫ్రీజరు ఖాళీగా ఉందట. ఎందుకు ఖాళీ అయింది? ముందు అది చెప్పండి."

"అది వేటే, సరదా! ఆఫీసులో వాళ్లు పిలిచారు. అక్కడ అమెరికాలో, వాళ్లుండే ఒహాయో రాష్ట్రంలో లైసెన్సు తీసుకుని, జింకకి వేరేగా పర్మిట్ కొనుక్కుని, సెప్టెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటిదాకా బాణాలతో వేటాడుకోవచ్చు. గవర్నమెంటే ఒప్పుకుంటుంది. ఆ తెల్లతోక జింకలు మరీ ఎక్కువైపోయి రోడ్ల మీద కార్లకి అడ్డం పడుతుంటాయి. వాళ్ల రాష్ట్ర జంతువు కూడా అదే."

"రాష్ట్ర జంతువుని కూర వండుకుంటారా? ఇల్లు గడవకపోతే తప్ప ఎవరైనా ఆ పని చేస్తారా?"

"నువ్వు వినవే..."

"నేనే వింటున్నాను, మీరే దాస్తున్నారు. మా పుట్టింటి వైపు, గంజాం జిల్లాలో, భేతనై దగ్గర పొలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి, పైరు మేసినా ఒక్క రైతు వాటి జోలికి పోడు. జింకలు ఉంటే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. మీ అల్లుడేమో దాన్ని ఫ్రీజర్‌లో పెడతానంటున్నాడు."

"మనకి 1972 వన్యప్రాణుల చట్టం ఉంది, ఇక్కడ ముట్టుకుంటే జైలు. అక్కడి పద్ధతి వేరు. వేటాడినవాళ్లు మిగిలిన మాంసాన్ని ఆకలితో ఉన్నవాళ్లకి పంచిపెట్టే సంస్థలు కూడా ఉన్నాయి, తెలుసా?"

దొడ్డమ్మ చీపురు కింద పడేసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మనమ్మాయి పేరు రాయించారా అందులో?"

పెదనాన్న నావైపు చూశాడు. నేను కాఫీ వైపు చూశాను.

అసలు జరిగింది ఇంతే. పేపరు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మావగారు కాబట్టి పుల్లీలూ తాళ్లూ ఆయనకి తెలుస్తాయని అల్లుడు సలహా అడిగాడు: మొదటిసారి క్రాస్‌బో కొంటున్నాను, ఏది తీసుకోమంటారు మావయ్యగారూ, అని. రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా సలహా అడగడం అరుదు. రాత్రంతా మేలుకుని కరెంటు బిల్లు వెనకాల రెండు బొమ్మలు గీశాడు. క్రాస్‌బో అంటే తుపాకీలా భుజానికి ఆనించుకుని ట్రిగ్గర్ నొక్కే విల్లు. ఎడమవైపు బొమ్మకి రెండు చివర్లా చక్రాలున్నాయి, కుడివైపుదానికి లేవు.

"ఇది కాంపౌండ్. ఈ చక్రాల వల్ల బాణం సెకనుకి 450 అడుగులు పోతుంది. మంచిది కొనాలంటే రెండు వేల డాలర్లు దాటుతుంది. ఇదేమో రికర్వ్, చక్రాలుండవు, తాడు మార్చాలన్నా ఇంట్లోనే మార్చుకోవచ్చు, కానీ స్పీడు తక్కువ, పైగా రెండు పక్కలా చాచుకున్న విల్లు రెక్కల వెడల్పు ఎక్కువ. నేను కాంపౌండే కొనమంటాను, అందులోనూ అన్నిటికన్నా స్పీడుది."

"రెండు వేల డాలర్లంటే?"

"లక్షన్నర పైనే."

"అయ్యో రామా!"

"చూశావా? ఉద్యోగం పోయినవాడు లక్షన్నర పెట్టి విల్లు కొంటాడా? ఇప్పుడు చెప్పు."

గెలిచేశాననే పెదనాన్న అనుకున్నాడు, పాపం. పేపరు కూడా మడతపెట్టేశాడు.

"ఎందుకు కొనడు? మా నాన్న దగ్గర చిల్లిగవ్వ లేనప్పుడే అప్పు చేసి ఎడ్లు కొన్నాడు. పనిముట్టు లేకపోతే పొట్ట గడిచేదెలా? అయితే అప్పు కూడా చేస్తున్నాడన్న మాట. అదీ దాచారు నాకు."

ఇక్కడ దొడ్డమ్మ కాస్త ఆగింది. లోపలికి వెళ్లి ఆయన షుగరు మాత్ర, మంచినీళ్లు తెచ్చి చేతిలో పెట్టి, ఆయన మింగేదాకా నిలబడి, మళ్లీ మొదలెట్టింది.

"సరే, ఆ లక్షన్నరది ఎక్కుపెట్టడం ఎలాగ?"

"ఎంత స్పీడుంటే అంత బిగువు. 200 పౌండ్లు అనుకో. 90 కిలోలు."

"నిండు గ్యాసుబండ ముప్ఫై కిలోలు. మూడు బండలు ఒక్కసారి లాగుతాడా? పెళ్లిలో పూలదండే రెండుసార్లు జారవిడిచాడు!"

"ఒట్టి చేతుల్తో లాగరే! దానికో తాడుంటుంది, రెండు కొక్కేలతో. అది తగిలించి లాగితే సగం బరువే తెలుస్తుంది. చూడు, చూపిస్తాను."

ఇది చూడకపోతే మీరు నష్టపోయినట్టే. వానలని వరండాలో కట్టిన బట్టల తాడు ఒక చివర విప్పాడు. ప్లాస్టిక్ కుర్చీ బోర్లించి దాని చేతుల సందులో కాలు పెట్టాడు, క్రాస్‌బో మూతి దగ్గర కాలు పెట్టే ఇనప చట్రం ఉంటుంది, అదే ఇది అనుకోమన్నాడు. తాడు కుర్చీ కాళ్ల మీదుగా తిప్పి, రెండు పక్కలా రెండు పిడికిళ్లతో పట్టుకుని, నడుము వంచి, "రెండు చేతులూ సమానంగా లాగాలి, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే బాణం పక్కకి పోతుంది" అంటూ లాగాడు. తాడు రెండో చివర ఇంకా మేకుకే ఉన్న సంగతి అప్పుడు ఆయనకి గుర్తు లేదు. మేకు ఊడొచ్చింది, కుర్చీ తిరగబడింది, దొడ్డమ్మ జాకెట్లు రెండూ, ఆయన లుంగీ, ఒక దుప్పటీ కలిసి ఆయన నెత్తి మీద పడ్డాయి.

దుప్పటి కిందనుంచి గొంతు మాత్రం వచ్చింది. "అదీ పద్ధతి."

"హెర్నియా ఆపరేషన్ అయ్యాక నీళ్ల బిందె కూడా ముట్టుకోవద్దని డాక్టరు చెబితే, ఇక్కడ 90 కిలోలు లాగుతున్నారా!" అంటూ పరుగున వెళ్లి దుప్పటి తీసి, నడుము తడిమి చూసి, ఏమీ కాలేదని తెలిశాక నెత్తి మీద ఒక్కటి వేసింది. గట్టిగా మాత్రం కాదు.

"తాడు వద్దనుకుంటే క్రాంక్ ఉంటుంది. చేత్తో హ్యాండిల్ తిప్పుకుంటూ పోతే అదే ఎక్కుతుంది, బలంతో పనిలేదు."

"మరి ఆ ముక్క ముందు చెప్పి చావచ్చుగా! హ్యాండిల్‌దే కొనమనండి. తిండి లేక నీరసంగా ఉన్నవాడు."

"తిండి ఉందే బాబూ!"

"తాడు లాగేటప్పుడు వేళ్లకేం కాదు కదా?"

"ఎక్కుపెట్టాక జాగ్రత్త. పట్టుకునేటప్పుడు బొటనవేలు తాడు పోయే దారికి కిందే ఉండాలి. పైకొచ్చిందా, అంతే."

"వద్దు. వేళ్లకి అడ్డు కట్టినది కొనమనండి. రేపు ఇంకో ఉద్యోగం దొరికితే కంప్యూటర్ కొట్టడానికి వేళ్లుండాలా, వద్దా?"

"ఇంకో విషయం, బాణం పెట్టకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు. ఆ బలమంతా విల్లు మీదే పడి రెక్కలు విరిగిపోతాయి."

"చూశారా, విల్లు కూడా కడుపులో ఏదో ఒకటి పడితేనే పని చేస్తానంటోంది. మన అల్లుడికే లేదు ఆ రాత."

పెదనాన్న లుంగీ దులిపి భుజాన వేసుకుని, ఆఖరి అస్త్రం తీశాడు. "అన్నిటికన్నా స్పీడే ముఖ్యం. తాడు చప్పుడు వినగానే జింక కిందకి వంగి దూకేస్తుంది. అందుకే 450 అడుగులది కావాలి."

"చప్పుడు ఎంత జోరుగా పోతుంది?"

"గాలిలోనా? సెకనుకి 1100 అడుగుల పైమాటే."

"మరి మీ లక్షన్నర బాణం కన్నా ముందు చప్పుడే చేరుతుంది కదా?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. కరెంటు బిల్లు అటూ ఇటూ తిప్పాడు. మిల్లులో ఎన్నేళ్ల సర్వీసున్నా ఇలాంటి ప్రశ్నకి జవాబు కరెంటు బిల్లు వెనకాల ఉండదు.

"చప్పుడు తక్కువ చేసేది కొనమనండి. జింక దగ్గరికొచ్చాకే కొట్టమనండి."

"అది... నిజమే అనుకో. ముప్ఫై నలభై గజాల లోపే కొట్టాలంటారు. ఆ దూరానికి 350 అయినా సరిపోతుంది."

"మరి 450 ఎవరికి?"

"చెప్పుకోవడానికి."

"అదీ మాట. ఇంకోటి, జింక రాకపోతే?"

"ఎందుకు రాదు?"

"నాలాంటిది ఎవరైనా దానికి ముందే చెప్పి ఉంటే రాదు. రాకపోతే సాయంత్రం ఎక్కుపెట్టిన విల్లు పట్టుకుని చెట్టెలా దిగుతాడు? ఇంటికెలా వస్తాడు?"

నిజం చెప్తున్నాను, ఇంత అసలైన ప్రశ్న రాత్రంతా మేలుకున్నాయనకి తట్టలేదు. బుర్ర గోక్కున్నాడు. "మామూలువాటికి ఒక బాణం టార్గెట్ మీదకో మెత్తటి నేలలోకో వదిలేసి తాడు దింపుకోవాలి. కొన్నిటికి ఆ క్రాంక్‌నే వెనక్కి తిప్పి నెమ్మదిగా దింపే ఏర్పాటు ఉంటుంది. చెట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ విల్లు ఎక్కుపెట్టి ఉండకూడదు, తాడు కట్టి విడిగా పైకి లాక్కోవాలి. మనిషికి ఒళ్లంతా పట్టే బెల్టు ఉండాలి."

"వెనక్కి తిప్పేది లేకపోతే కొననే వద్దనండి. తేలిగ్గా ఉండాలి, హ్యాండిల్ ఉండాలి, చప్పుడు ఉండకూడదు, వేళ్లకి అడ్డు ఉండాలి, లక్షన్నర కాకూడదు. బెల్టు ముందు కొనమనండి, విల్లు తర్వాత. రాయండి."

పెదనాన్న రాశాడు. ఎడమవైపు బొమ్మ మీదే రాశాడు, చోటు లేక.

ఈలోగా దొడ్డమ్మ తూర్పు వైపు తిరిగి దణ్ణం పెట్టేసింది. అల్లుడికి ఉద్యోగం దొరికితే మజ్జి గౌరమ్మకి పట్టుచీర పెడతానని, ఐదు కొబ్బరికాయలు కొడతానని, అమ్మవారు త్వరగా చూడాలని. "నేను మొక్కుకున్నది మీరు మధ్యలో పాడు చెయ్యకండి" అని ఆయన్ని ముందే హెచ్చరించి, వీడియో కాల్ కలపమంది. అక్కడ రాత్రి పదవుతోంది.

తెర మీద అల్లుడు కనిపించాడు. వేటకోసం కొత్తగా కొన్న ఆకుల బొమ్మల చొక్కా వేసుకుని సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు.

"ఆకులు కట్టుకున్నాడండీ!" అని పెదనాన్న చెవిలో అని, పైకి నవ్వుతూ, "భోంచేశావా బాబూ?" అంది.

"లేదత్తయ్యా. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. సాయంత్రాలు తినడం మానేశాను కదా, బరువు..."

మిగతాది ఎవరికీ వినబడలేదు. దొడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను చెప్పలేదా, నేను చెప్పలేదా" అని ఆయన భుజం మీద గుద్దుతోంది. "వచ్చేవాళ్లెవరైనా ఉంటే మినుములూ బియ్యమూ పంపిద్దాం, అప్పడాలూ పంపిద్దాం, ఆ పని మాత్రం వద్దు బాబూ. మీ మావయ్య పెన్షనుంది. మేము గంజి తాగుతాం."

"నేనెందుకు గంజి తాగాలే?" అన్నాడు పెదనాన్న.

అమ్మాయి ఫోను లాక్కుంది. ఏమైందని అడిగి, విని, చాలాసేపు నవ్వి, ఆయనకి పోయిన నెలే ప్రమోషన్ వచ్చిందని, ఆ సంతోషంలోనే ఆఫీసులో వాళ్లు వేటకి పిలిచారని, ఆఫీసు ఉత్తరం కూడా తెర ముందు పెట్టి చూపించింది. దొడ్డమ్మ కళ్లజోడు కోసం తడుముకుంటే పెదనాన్న తన లుంగీ అంచుతో తుడిచి మరీ ఇచ్చాడు. ఆమె చదవలేదు, ఇంగ్లీషు కదా. కానీ జీతం అంకె దగ్గర సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టింది.

అల్లుడు అవతలనుంచి, "మావయ్యగారూ, క్రాస్‌బో సంగతి ఏమైనా తేల్చారా?" అన్నాడు.

పెదనాన్న గొంతు సవరించుకుని కరెంటు బిల్లు చదివాడు, అన్నీ తన ఐడియాలే అన్నట్టు. తేలికైనది, క్రాంక్‌ది, వెనక్కి దింపుకునేది, వేళ్లకి అడ్డున్నది. 350 చాలు. కంపెనీ చెప్పిన బరువుకి తక్కువ బాణం వాడకు. ముందు కొట్టుకెళ్లి చేత్తో పట్టి చూడు.

"కొట్లో అతనూ ఇదే చెప్పాడండీ! మీకు ఇంత బాగా ఎలా తెలుసు?"

"అనుభవం" అన్నాడు పెదనాన్న.

దొడ్డమ్మ ఆ మాటకి ఏదైనా అంటుందని ఎదురుచూశాను. ఆమె అక్కడ లేదు. లోపలికి వెళ్లి చీర మార్చుకుని, సంచి పట్టుకుని వచ్చింది.

"లేవండి. కొబ్బరికాయలు కొనాలి, పట్టుచీర కొనాలి. మొక్కి గంట కాలేదు, అమ్మవారు ఉద్యోగం ఇచ్చేసింది."

"ఉద్యోగం ముందునుంచీ ఉందే!"

"పైగా ప్రమోషన్‌తో ఇచ్చింది."

"పోయిన నెలే..."

"ఏం, అమ్మవారికి పోయిన నెల తెలియదా? నేను ఇవాళ మొక్కుతానని ముందే చూసుకుంది." గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఫోను వైపు వంగింది. "బాబూ, ఆ విల్లు కొనుక్కో, టార్గెట్ మీద కొట్టుకో. జింక జోలికి మాత్రం పోకు."

"అదేంటత్తయ్యా, లైసెన్సు కూడా తీసుకున్నాను..."

"ఉద్యోగం ఉన్నవాడికి జింకెందుకు నాయనా?"