వేలెత్తి చూపని బొటనవేలు గారికి

మహారాజశ్రీ పసుపుపచ్చ బొటనవేలు గారి సముఖానికి,

హనుమకొండ చౌరస్తా దగ్గర పగలు ఫోన్లు బాగుచేస్తూ, రాత్రిళ్ళు గిటారు వాయించుకునే ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకునే లేఖ. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కరలేదు. పొద్దున లేచి ఫోను తెరిస్తే ముందు మీ దర్శనమే అవుతోంది.

విషయానికి వస్తాను. మొన్న ఒక ఆదివారం సాయంత్రం 7 గంటల 2 నిమిషాలకు మా రాక్ బృందం మొదటి ఆల్బమ్ లింకును మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పాటలు 8. మొత్తం నిడివి 37 నిమిషాలు. ఫోను ఇంకా చేతిలోంచి దించనే లేదు, అదే నిమిషంలో మొదటిసారి మీరు ప్రత్యక్షమయ్యారు. పంపినది మా బాబాయి. 7 గంటల 10 నిమిషాలకల్లా మీరు 38 మంది అయ్యారు. 37 నిమిషాల సంగీతాన్ని 8 నిమిషాల్లో విని, మెచ్చి, వేలెత్తగల మేధావులు మా వంశంలో ఇంతమంది ఉన్నారని ఇన్నేళ్ళూ తెలుసుకోకపోవడం నా తప్పే.

అదే బాబాయి, అంతకు ముందు వారం దూరపు బంధువు ఒకరు పోయారన్న కబురు కింద కూడా మిమ్మల్నే నిలబెట్టారు. పోయినాయన చూసి ఉంటే పొంగిపోయేవారు.

వారం తిరిగాక లెక్క చూసుకున్నాను. గ్రూపులో ఉన్నది 143 మంది. ఎత్తిన బొటనవేళ్ళు 96. మొదటి పాటను ముట్టుకున్న ఫోన్లు 11. ఆ పదకొండులో నాలుగు మా దుకాణానికి రిపేరుకు వచ్చినవి. స్పీకరు పరీక్షించే నెపంతో నేనే పెట్టాను. పాటలు వినిపించే ఒక పెద్ద సంస్థ దగ్గర ఒక నియమం ఉంది. పాట 30 సెకన్లు మోగితేనే విన్నట్టు లెక్క. 2024 నుంచి ఇంకో మెలిక కూడా పెట్టారు: ఏడాదిలో కనీసం 1000 సార్లు వినబడని పాటకు పైసా రాలదు. మా మొదటి పాటలో తొలి 40 సెకన్లు గిటారు ఒక్కటే ఉంటుంది. ఆ 30 సెకన్ల గడప కూడా దాటకుండా వెనుదిరిగిన చుట్టాలను ఏమనాలి? పెళ్ళికి వచ్చి, పందిట్లో అడుగు పెట్టకుండా చదివింపులు చదివించి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కవరులో ఏదో ఒకటి పెడతారు.

మీ జాతకం నాకు తెలియనిది కాదు. 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్‌లో లైక్ మీటగా అవతరించారు. 2010లో, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడుకునే యూనికోడ్ పట్టికకు ఎక్కి, మా 'అ'కూ 'క'కూ ఉన్న హోదా సంపాదించారు. 2022లో వాట్సాప్ వారు, సందేశాన్ని నొక్కిపట్టుకుంటే ఆరు గుర్తులు వరుసగా లేచి నిలబడే ఏర్పాటు చేసినప్పుడు మొదటి కుర్చీ మీకే వేశారు. అంతకు ముందు 'బాగుంది' అని చెప్పడానికి మూడు అక్షరాలైనా కొట్టాల్సి వచ్చేది. కొడుతూ కొడుతూ 'ఇంతకీ ఏం బాగుంది?' అని తమను తాము అడిగే ప్రమాదం ఉండేది. ఆ ప్రమాదాన్ని మీరు తప్పించారు.

మిమ్మల్ని తేలిగ్గా తీసుకోని చోటు మాత్రం ఒకటుంది. కెనడాలో ధాన్యం కొనే ఒక సంస్థ, అవిసె గింజల ఒప్పంద పత్రాన్ని ఫోటో తీసి ఒక రైతు ఫోనుకు పంపింది. ఆయన జవాబుగా మిమ్మల్ని పంపారు. గింజలు పంపలేదు. పత్రం అందిందని చెప్పానే గానీ ఒప్పుకున్నానని చెప్పలేదని ఆయన వాదన. 2023లో అక్కడి న్యాయమూర్తి, ఆ వేలు సంతకంతో సమానమే అని తేల్చి 82 వేల డాలర్లకు పైగా కట్టమన్నారు. ఆ తీర్పు గనక హనుమకొండలో చెల్లేదైతే మా చుట్టాలు నాకు తలా 37 నిమిషాలు బాకీ. 96 మందికి కలిపి 59 గంటల 12 నిమిషాలు. వడ్డీ మాఫీ చేస్తాను, అసలు కట్టమనండి.

ఆ 37 నిమిషాలు ఎలా పుట్టాయో కూడా చెప్పాలి. మీకు చెవులు లేకపోవడం మీ తప్పు కాదు, అందుకే రాసి చెబుతున్నాను.

కాజీపేట వైపు మేడ మీద ఒక రేకుల గది. స్నేహితుడి మామగారు బియ్యం బస్తాలు వేసుకునేది, మాకు ఇచ్చారు. గోడలకు గుడ్ల అట్టలు అంటించాం, అందరూ అదే చెబుతారు కనుక. అట్టలతో గదిలోని గరగర కాస్త తగ్గుతుందే తప్ప డ్రమ్ము మోత గోడ దాటకుండా ఆగదన్న శాస్త్ర సత్యాన్ని పక్కింటివారు స్వయంగా వచ్చి బోధించారు. తర్వాత ఇళ్ళలోని పాత బొంతలన్నీ తెచ్చి వేలాడదీశాం. బొంతలు పనిచేశాయి. మే నెల, రేకుల కింద, చుట్టూ బొంతలు! ఫ్యాను వేసుకుందామంటే కండెన్సర్ మైకుకు దాని రెక్కల చప్పుడు నా గొంతుకంటే స్పష్టంగా వినబడుతుంది. చెమట కారి కారి గిటారు తీగలు వారం తిరిగేసరికి తుప్పు పట్టేవి.

రాత్రి పదకొండు దాటితే గానీ వీధి సద్దుమణగదు. వీధి సద్దుమణిగితే కాజీపేట జంక్షన్ మేలుకుంటుంది. మూడో పాటలో గిటారు ఆగి, గొంతు ఎత్తుకునే ముందు ఒక చిన్న ఖాళీ ఉంది. సరిగ్గా అక్కడ ఒక రైలు కూత పెట్టింది. తీసేద్దామని కూర్చున్నాం. పదిసార్లు విన్నాం. కూత మా పాట శ్రుతిలోనే ఉంది. ఉంచేశాం. ఆల్బమ్ మొత్తంలో శ్రుతి తప్పనిది అదొక్కటేనని మా డ్రమ్మరు అభిప్రాయం.

నాలుగో పాటకు డప్పు కావలసి వచ్చింది. డప్పు కళాకారుడు వస్తూనే పాత వార్తాపత్రికలు ఉన్నాయా అని అడిగారు. చదువుకోవడానికి కాదు. మేడ మీద ఓ మూల చిన్న మంట వేసి, డప్పును దానికి కాస్త ఎడంగా పట్టి తిప్పుతూ, వేళ్ళతో తడుతూ, చెవి దగ్గర పెట్టుకుంటూ కూర్చున్నారు. మొదట తడి గోనెసంచి మీద కొట్టినట్టున్న మోత, కాసేపటికి చర్మం బిగిసి ఖణేల్మని పలికింది. నా గిటారు శ్రుతి చూడటానికి బ్యాటరీతో నడిచే యంత్రం ఉంది. ఆయనకు నిప్పు ఉంది. రెండుసార్లు వాయించేసరికి చర్మం మళ్ళీ సడలేది, మళ్ళీ మంట. పొగ చూసి మామగారు కంగారుగా పైకి వచ్చారు. గిటార్లనూ మంటనూ మార్చి మార్చి చూసి, "ఏదో పూజ అనుకుంటాను" అని దిగిపోయారు.

వేగం చెడకుండా ఉండాలని, చెవిలో లెక్క కొట్టే మెట్రోనోమ్‌ను ఇయర్‌ఫోన్లలో పెట్టి ఆయనకు ఇచ్చాం. అరనిమిషం విని, "నా చెవిలో ఇంకొకరి గడియారం ఎందుకు?" అని తీసి పక్కన పెట్టేశారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

బీటిల్స్ బృందం తమ మొదటి ఆల్బమ్ కోసం 1963 ఫిబ్రవరి 11న, లండన్‌లో, ఒక్క రోజులో 10 పాటలు రికార్డు చేసింది. మాకు 8 పాటలకు 14 నెలలు పట్టింది. వాళ్ళకు మే నెల అడ్డు రాలేదు.

వేళ్ళ సంగతి మాట్లాడుతూ ఒక వేళ్ళ కథ చెప్పకపోతే బాగుండదు. ఏకలవ్యుడి జోలికి వెళ్ళను, మీ మీద రాసే ప్రతివాడూ అక్కడికే వెళ్తాడు. ఇది బర్మింగ్‌హామ్‌లో ఒక రేకుల కర్మాగారం కథ. టోనీ అయోమీ అనే 17 ఏళ్ళ కుర్రవాడు పనిలో ఆఖరి రోజున కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు యంత్రానికి పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, వాటికి తోలు అంటించి, మళ్ళీ గిటారు పట్టాడు. అతని బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వస్తే విమర్శకులు చీల్చి చెండాడారు. అయినా అది బ్రిటన్‌లో మొదటి పది స్థానాల్లోకి వెళ్ళింది. నాకు అసూయ ఆ స్థానం మీద కాదు, ఆ తిట్ల మీద. తిట్టాలంటే వినాలి. ఫలానా చోట గిటారు గోలగా ఉందని రాయాలంటే ఆ ఫలానా చోటుదాకా వెళ్ళి ఉండాలి. నన్ను తిట్టిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

మన భాషలో వేలెత్తి చూపడం అంటే తప్పు పట్టడం. మీరు ఎత్తుతారు, చూపరు. పని చేయవలసింది మీ పక్కనున్న చూపుడు వేలు, పెత్తనం మీది. మొండిచేయి చూపేవాళ్ళను ఇంతకు ముందు చాలామందిని చూశాను. మొండివేలు చూపింది మీరే.

అన్నట్టు, ఊళ్ళో సన్మానం కూడా జరిగింది. ముఖ్య అతిథి గారు నన్ను కాకతీయుల నాటి సంగీతానికి వారసుణ్ణి చేశారు. శాలువా కప్పారు. ఒక సినిమా పాట పాడమన్నారు. నేను మొండిగా ఆల్బమ్‌లోని పాట ఎత్తుకుని గిటారుకు డిస్టార్షన్, అంటే మోతను కావాలని గరగరలాడించే హంగు, తగిలించగానే, మైకుల కుర్రవాడు పరుగెత్తుకొచ్చి తీగ పీకేశాడు. వైరు ఎక్కడో తెగి గరగరలాడుతోందని అతని భయం. ఆ సభలో నన్ను విన్నవాడు అతనొక్కడే. శాలువా మాత్రం వృథా పోలేదు. మడిచి పెద్ద డ్రమ్ము పొట్టలో కుక్కాం, మోత బిగువుగా వస్తోంది. ఇంకో రెండు సన్మానాలు జరిగితే రెండో ఆల్బమ్ నాటికి బొంతల అవసరం ఉండదు.

ఇక మా పెద్దమ్మ. ఏనుమాముల మార్కెట్ వైపు ఏళ్ళ తరబడి మిర్చి తొడిమలు తీసే పని చేసింది. ఆమె దగ్గర ఉన్నది పాత మీటల ఫోను, అందులో మీరు లేరు. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. నేను ఆల్బమ్ పెట్టుకుని వింటుంటే పక్కన చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నాలుగో పాటదాకా ఒక్క మాట అనలేదు. మూడో పాటలో రైలు కూత దగ్గర మాత్రం తలెత్తి కిటికీ వైపు చూసింది. నాలుగోది అయ్యాక, చింతపండు అంటిన చూపుడు వేలు ఫోను వైపు చాపి అడిగింది: "ఇందులో ఆఖరున అంత తొందరెందుకు బిడ్డా? బస్సు వెళ్ళిపోతోందా?"

నాకు కోపం వచ్చింది. రాత్రి కంప్యూటర్ తెరిచి కొలిచాను. పాట నిమిషానికి 112 దెబ్బలతో మొదలై, 121 దగ్గర ముగిసింది. ఇంకొకరి గడియారం చెవిలో పెట్టుకోని పాట అదే. బృందంలో నలుగురం, మిక్సింగ్ చేసిన ఇంజనీరుతో ఐదుగురం, 14 నెలలు, పది చెవులు. ఒక్క చెవికీ దొరకలేదు. నిప్పు మీద కాగిన డప్పు అలా పరుగెత్తడమే అందమని మా డ్రమ్మరు అంటాడు. మర్నాడు వెళ్ళి పెద్దమ్మతో నేనూ అదే వాదించాను. అరగంట. ఆమె తగ్గలేదు. బతుకమ్మ ఆటలో ఇలా పరుగెడితే చప్పట్లు తప్పి ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటారని చెప్పింది. మా ఆల్బమ్ మీద ఇప్పటివరకు జరిగిన చర్చ అదొక్కటే.

ఆ పెద్దమ్మకే ఇప్పుడు మీ జాతితో పని పడింది. రేషన్ దుకాణంలో బియ్యం ఇవ్వాలంటే యంత్రం మీద వేలిముద్ర పడాలి. ఇన్నేళ్ళ తొడిమలకు ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడిచి, నీళ్ళతో కడిగి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తుడిచి నొక్కితే పోయిన నెల నాలుగోసారికి గానీ పడలేదు. పడితే మనిషికి 6 కిలోల సన్నబియ్యం. పడకపోతే రేపు రమ్మంటారు. మీ ఒంటి మీదా ఒక్క గీత లేదు. నున్నగా మెరుస్తూ మా గ్రూపులో ఒక్క ఆల్బమ్‌కే 96 సార్లు చెల్లారు.

ఒకటో తేదీన ఆమెను దుకాణానికి తీసుకువెళ్తున్నాను. తీరిక ఉంటే రండి. వరుస పెద్దది ఉంటుంది, 37 నిమిషాలైనా పడుతుంది. ఇయర్‌ఫోన్లు నేను తెస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు
గొంతు, గిటారు
(మూడో పాటలో కూత మాత్రం నాది కాదు)