పిలక మన చేతిలోంచి జారిపోతోంది

తెలుగు రాష్ట్రాలు రెండూ ఎన్నో గండాలు గట్టెక్కాయి. ఇప్పుడు ముంచుకొస్తున్న గండం మీద మాత్రం ఒక్క ఛానెలూ చర్చ పెట్టలేదు, ఒక్క నాయకుడూ ధర్నాకు కూర్చోలేదు. విషయం ఇది. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ తల్లిదండ్రుల్లో ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి అయిన ఆడపిల్లలు తమ రింగుల జుట్టును ఉన్నదున్నట్టుగా ఇష్టపడటం మొదలుపెట్టారు. దాన్ని సాగదీయడం మానేశారు, దాచడం మానేశారు. "ఇంతకీ నువ్వు ఎవరి వైపు?" అని అడిగితే "ఇద్దరి వైపూ" అని చెప్పి తమ పని తాము చూసుకుంటున్నారు. మంచిదే కదా అని మీరు తల ఊపుతారు. ఊపండి. తలనీలాల ధర పడిపోయాక మాట్లాడుకుందాం.

భక్తులు తిరుమల కల్యాణకట్టలో మొక్కు చెల్లించుకుని కొండ దిగుతారు. అక్కడితో వాళ్ల పని అయిపోతుంది, జుట్టు పని మొదలవుతుంది. దేవస్థానం దాన్ని పొడవును బట్టి రకాలుగా వేరుచేసి ఈ-వేలం వేస్తుంది. ఏటా వచ్చేది నూరు కోట్లకు పైమాటే. పాడుకున్న వ్యాపారులు చిక్కు తీసి, కడిగి, కుదుళ్లన్నీ ఒకే వైపు ఉండేలా కట్టలు కట్టి విదేశాలకు పంపుతారు. అట్లాంటాలోనో షికాగోలోనో ఒక సెలూన్‌లో ఒక అమ్మాయి సొంత జుట్టును నెత్తికి అంటుకుపోయేలా సన్నగా అల్లి, ఆ అల్లిక మీద మన జుట్టును వరుసలుగా సూదీదారంతో కుట్టేస్తారు. ఇక్కడ ఒకావిడ భక్తి, అక్కడ ఒకమ్మాయి బెరుకు, ఈ రెండూ కలిస్తేనే ఈ వ్యాపారం నడుస్తుంది. భక్తికి మనవైపు ఏ లోటూ లేదు. బెరుకే తగ్గిపోతోంది.

మనకు ఈ వ్యాపారంతో ఉన్న అనుబంధం ఎంత పాతదో తెలిస్తే ఛాతీ ఉప్పొంగుతుంది. 1786లో లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. గవర్నరు ఎస్తెబాన్ మీరోకు ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. న్యూ ఆర్లియన్స్ వీధుల్లో బానిసలు కాని నల్లజాతి, మిశ్రమ జాతి స్త్రీలు తలలో ఈకలు, నగలు తురుముకుని తిరుగుతుంటే ఎవరు దొరసానో ఎవరు కాదో తెలియడం లేదు. తెలుసుకోవాలన్న పట్టుదల కూడా దొరల్లో సన్నగిల్లింది. ఇంటి దొరసానులకు కడుపు మండింది. అలాంటి స్త్రీలు జుట్టు కనపడకుండా తలగుడ్డ కట్టుకుని తీరాలని గవర్నరు ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్లు ఆ ఉత్తర్వును తుచ తప్పకుండా పాటించారు. పాటించిన తీరులోనే తేడా వచ్చింది. మిరుమిట్లు గొలిపే రంగుల గుడ్డలు తెచ్చి, ఎత్తుగా చుట్టి, పైన ఒక నగ గుచ్చి బజారుకు బయలుదేరారు. కొంతకాలానికి దొరసానులే ఆ తలపాగా కావాలన్నారు.

గవర్నరు పరువు సంగతి అలా ఉంచండి. ఆ గుడ్డల్లో పేరుపడ్డది మద్రాసు గళ్ల గుడ్డ, మన తూర్పు తీరపు మగ్గాల సరుకు. తర్వాతి కాలంలో చీరాల నేతగాళ్లు కూడా మద్రాసు రుమాళ్లు నేసి పశ్చిమాఫ్రికాకు పంపారు. అంటే వాళ్ల జుట్టు మీద కప్పడానికి అప్పుడు గుడ్డ మనదే, ఇప్పుడు జుట్టూ మనదే. రెండు శతాబ్దాలకు పైగా వాళ్ల సిగ్గు మన సిరి. ఇంతటి వారసత్వాన్ని పదిహేనేళ్ల పిల్లలు మంటగలుపుతుంటే చూస్తూ ఊరుకోవాలా?

అయితే ఈ రంగంలో బహుమతి ఎవరికైనా ఇవ్వాలంటే దక్షిణాఫ్రికాకే ఇవ్వాలి. అక్కడ 1950లో జనాభా నమోదు చట్టం తెచ్చి మనిషి మనిషికీ ఒక జాతి ముద్ర వేశారు. ఏ ముద్ర వేయాలో అనుమానం వస్తే పెన్సిల్ పరీక్ష ఉండేది. జుట్టులోకి పెన్సిల్ దూరుస్తారు. జారి కింద పడితే తెల్లజాతి, చిక్కుకుని నిలిస్తే కాదు. ఏ బడి, ఏ పేట, ఎవరితో పెళ్లి అన్నది ఆ పెన్సిల్ తేల్చేది. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు రెండు జాతులుగా నమోదైన ఇళ్లూ ఉన్నాయి. డీఎన్ఏ పరీక్షలకు వేలకు వేలు తగలేస్తున్న నేటి శాస్త్రవేత్తలు ఈ పొదుపును గమనించాలి.

అమెరికా ప్రజాస్వామ్య దేశం కాబట్టి పెన్సిల్‌కు బదులు న్యాయమూర్తులను వాడుతుంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే ఒక నల్లజాతి ఉద్యోగిని, సన్నజడల మీద సంస్థ పెట్టిన నిషేధం చెల్లదని కోర్టుకెక్కింది. ఒక తెల్లజాతి సినీనటి ఆ జడలకు ప్రచారం తెచ్చాకే ఈమె అవి వేసుకొచ్చిందన్న సంస్థ వాదన తీర్పులో సగౌరవంగా చోటు సంపాదించుకుంది. ఆఫ్రికా అవ్వలు తరతరాలుగా అల్లుతున్న జడ హాలీవుడ్ నుంచి దిగుమతి అయిందని అలా రికార్డులకెక్కింది. పైగా జడ ఎప్పుడంటే అప్పుడు విప్పేయగలిగింది కాబట్టి దానికి రక్షణ లేదన్నారు. 2010లో అలబామాలోని మొబైల్ నగరంలో ఒక అమ్మాయికి ఉద్యోగం ఇచ్చి, జటలు కత్తిరించనన్నందుకు వెనక్కి తీసుకున్నారు. "నీవి అలా ఉన్నాయనడం లేదు గానీ, ఇలాంటివి చిందరవందర అవుతుంటాయి" అని సంస్థ అధికారిణి నచ్చజెప్పిందట, ఫిర్యాదులో ఉంది. 2016లో అప్పీలు కోర్టూ సంస్థ వైపే నిలిచింది. జుట్టు తీరు మార్చుకోవచ్చు కాబట్టి అది జాతి వివక్ష కాదట. నిజమే, తల కూడా మార్చుకోగలిగితే ఏ గొడవా ఉండేది కాదు.

తల అంటే గుర్తొచ్చింది. మనిషి తల సహజ ఆకారం ఎలా ఉండాలో 2021లో అంతర్జాతీయ ఈత సమాఖ్య తేల్చేసింది. ఆలిస్ డియరింగ్ తల్లి ఘనా మూలాల మనిషి, తండ్రి ఆంగ్లేయుడు. ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఈదిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. టోక్యోలో పది కిలోమీటర్ల ఈత. ఒత్తైన జుట్టు పట్టేలా కాస్త పెద్దగా తయారుచేసిన 'సోల్ క్యాప్' అనే టోపీకి ఆమె ప్రచారం చేసేది. ఆ పోటీలకు ముందు సమాఖ్య ఆ టోపీని తోసిపుచ్చింది. కారణం, అది తల సహజ ఆకారాన్ని అనుసరించడం లేదు, ఇంత పెద్ద టోపీ అవసరమైన క్రీడాకారులను తాము ఎరగము. టోపీ లేనందువల్ల ఆ పిల్లలు ఈతకే రాకపోతే, రాని పిల్లలకు టోపీ ఎందుకన్న తర్కం చూడండి, గుండ్రంగా ఎంత ముచ్చటగా ఉందో. 2022లో అదే సమాఖ్య అదే టోపీకి అనుమతి ఇచ్చేసింది. ఏడాదిలో మనిషి తల ఆకారం మారిందేమో, వైద్యులు చెప్పాలి.

సాగదీయడం మానేశారన్నాను. ఎలా సాగదీస్తారో తెలుసా? ఆ మందుల్లో పాతకాలం నాటి రకానికి ప్రాణం సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. పూడుకుపోయిన గొట్టాల్లో పోసేది అదే. నెత్తి మంట పుట్టకుండా ముందు చర్మానికి వాసెలిన్ పట్టించి, మందు రాసి, భరించగలిగినంతసేపు కూర్చోవాలి. ఎనిమిదేళ్ల పిల్లలను కూడా అలా కూర్చోబెట్టారు. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేల పైచిలుకు మహిళల వివరాలు చూసి ఒక లెక్క చెప్పారు. జుట్టు సాగదీసే మందులు ఎన్నడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం, తరచుగా వాడేవాళ్లలో 4.05 శాతం. దేశభక్తితో ఈ వ్యాసం రాస్తున్న నాకు కూడా ఈ ఒక్కచోట కలం కాస్త తడబడింది. అయినా అందం ఊరికే వస్తుందా అని సర్దిచెప్పుకున్నాను.

ఇక అసలు కుట్ర ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. ఆదివారం పొద్దున, స్నానాల గదిలో. తెల్లజాతి తల్లికి తన జుట్టు దువ్వుకోవడమే తెలుసు. పొడిజుట్టు మీద కుచ్చు బ్రష్షు పెట్టి పైనుంచి కిందికి లాగితే రింగులన్నీ పగిలి, మబ్బులా లేచి, పిల్ల ఏడ్చేది. ఆ ఏడుపు మన ఎగుమతులకు పునాది. ఇప్పుడా తల్లి నల్లజాతి అత్తగారిని ఫోన్లో అడిగి, ఆడపడుచు ఇంట్లో చూసి నేర్చుకుంది. జుట్టు తడిగా ఉండగానే కండిషనర్ దండిగా పట్టిస్తుంది. నాలుగు పాయలు తీసి మూడింటికి క్లిప్పులు పెట్టేస్తుంది. నాలుగోదాన్ని గుప్పిట పట్టుకుని, పెద్ద పళ్ల దువ్వెనతో చివర రెండంగుళాల చిక్కు ముందు తీసి, మెల్లగా పైకి వస్తుంది. రెండు గంటలు పడుతుంది. రాత్రి పడుకునేటప్పుడు దూది గలీబు తేమ పీల్చేయకుండా శాటిన్ టోపీ. ఈ రెండు గంటల్లో తల్లి ఊరికే ఉంటుందా? మీ నానమ్మ జుట్టూ ఇంతే, మీ మేనత్తదీ ఇంతే అని చెబుతూ ఉంటుంది. పిల్ల వింటూ ఉంటుంది. మన నిఘా సంస్థలు ఏం చేస్తున్నట్టు?

ఆ తల కూడా ఏమంత విధేయంగా ఉండదు. మెడ దగ్గర వదులు రింగులు, నడినెత్తిన బిగుతు రింగులు, చెవుల పక్కన మరో రకం. ఏదో ఒక వైపు తేల్చుకోమంటే తేల్చుకోదు. అమెరికా జనాభా లెక్కలవాళ్లు కూడా చాలాకాలం ఒకటే గడి గీటు పెట్టమన్నారు. 2000లో మొదటిసారి ఒకటికి మించి పెట్టుకోనిచ్చారు. 2020లో అలా పెట్టినవాళ్లు 3 కోట్ల 38 లక్షలు. ఇంతమంది తేల్చుకోకపోతే పాలన ఎలా సాగుతుంది? అందుకే 2024 జులైలో షికాగోలో నల్లజాతి పాత్రికేయుల సభలో డొనాల్డ్ ట్రంప్, కమలా హారిస్ ఇన్నాళ్లూ భారతీయురాలిగా ఉండి ఇప్పుడు నల్లజాతి మనిషిగా మారిపోయిందని ఆశ్చర్యపోయాడు. తండ్రి జమైకావాడు, తల్లి తమిళురాలు, ఇద్దరూ ఆమె పుట్టకముందు నుంచే ఉన్నారు. ఈ వివరం ఆయనకు ఎవరూ అందించినట్టు లేదు.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? అమెరికాలో ఒక తెలుగువారి పుట్టినరోజు విందు. తల్లి మనమ్మాయే, తండ్రి నల్లజాతి డాక్టరు, కూతురికి పద్నాలుగేళ్లు, నల్లటి మేఘంలాంటి జుట్టు. ఒక ఆంటీ పులిహోర పళ్లెం పక్కనపెట్టి, అనుమతి అడగకుండా ఆ జుట్టులో వేళ్లు దూర్చి పరిశీలించింది. పెన్సిల్ అందుబాటులో లేదు కాబోలు. "బంగారంలాంటి పిల్ల, ముక్కు మా వాళ్లదే. జుట్టొక్కటీ స్మూతెనింగ్ చేయిస్తే చక్కగా మనలో కలిసిపోతుందమ్మా" అంది తల్లితో. పిల్లకు తెలుగు వచ్చునన్న అనుమానం ఆమెకు లేదు. "ఆంటీ, మీ సవరం బావుంది. ఎవరి జుట్టు?" అంది పిల్ల. ఆ తర్వాత కేకు త్వరగా కోశారు.

ఇది ఒక్క ఇంటితో ఆగేట్టు లేదు. జుట్టు తీరును బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపరాదంటూ కాలిఫోర్నియా 2019లో 'క్రౌన్' చట్టం చేసింది. ఆ తర్వాత రెండు డజన్లకు పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో దిగువసభ దాటి సెనేట్‌లో చతికిలపడింది, అదొక్కటే మనకు ఊరట. ఇంగ్లండులో సమానత్వ కమిషన్ అదే ఏడాది బడులకు మార్గదర్శకాలు ఇచ్చింది. కనుక కేంద్ర వాణిజ్య శాఖకు నా మహజరు ఇది: ఎగుమతి ప్రోత్సాహక మండలిలో వెంటనే బెరుకు ప్రోత్సాహక విభాగం తెరవాలి. పైన చెప్పిన ఆంటీని గౌరవ సలహాదారుగా నియమించాలి. పెద్ద పళ్ల దువ్వెనల మీద సుంకం పెంచేలా ఆయా దేశాలను ఒప్పించాలి.

మహజరు టైపు చేసిపెట్టమని మా అమ్మాయికి ఇచ్చాను. దానిదీ రింగుల జుట్టే, వాళ్ల మేనత్త పోలిక. శనివారం స్మూతెనింగ్‌కు సెలూన్‌లో రెండు వేలు ముందే కట్టాం. మూడో పేజీ దాటాక టైపు ఆపేసి, కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా అని సెలూన్‌కు ఫోను చేసింది. ఇవ్వరట.