ఒకటింబావు ఎత్తు 'ఆర్'

బెంగళూరు మారతహళ్ళిలో మా ఆఫీసుకు మొన్నొక కొరియర్ కుర్రాడు వచ్చి సంతకం పెట్టమన్నాడు. ఫ్లోరంతా వెతికినా ఒక్కరి దగ్గరా పెన్ను లేదు. అందరం ఇంజనీర్లమే. ఈ దుస్థితికి ఎవరో ఒకరు పూనుకోవాలి కాబట్టి నేనే పూనుకుని గొలుసుకట్టు రాత మొదలెట్టాను. అదీ అల్లాటప్పా రాత కాదు, ఒకప్పుడు అమెరికా గుమాస్తాలు ఉత్తరాలూ లెక్కలూ రాసిన వ్యాపార రాత.

అవెన్యూ రోడ్డులో నాలుగు గీతల కాపీ అడిగితే షాపాయన "పాపది ఏ క్లాసు సార్?" అన్నాడు. యూకేజీ అన్నాను.

కొలతల దగ్గర ఆషామాషీ కుదరదు. 19వ శతాబ్దంలో అమెరికాలో రాత నేర్పిన స్పెన్సర్ పద్ధతిలో 'ఏ', 'ఎమ్' లాంటి పొట్టి అక్షరాలు ఒక భాగం ఎత్తు. 'టీ', 'డీ' రెండు. 'ఎల్', 'హెచ్' మూడు. 'ఆర్', 'ఎస్' మాత్రం ఒకటింబావు. ఆ పావు ఎందుకని అడక్కూడదు. పులుసులో బెల్లం ఎందుకని అమ్మమ్మను అడిగామా? పైగా అన్నీ 52 డిగ్రీల వాలులో ఉండాలి. మనకు వాలంటే వాలుజడ, వాలుచూపు, వాలుకుర్చీ. వాటికి డిగ్రీలెవరు చూశారు? మన 'ఠ'ని 52 డిగ్రీలు వాల్చి చూడండి, దొర్లిపోతుంది.

తర్వాత పామర్ అని ఇంకో రాత మాస్టారు వచ్చాడు. పేరుకే పామరుడు. 1894లో పుస్తకం వేసి, ఈ వయ్యారాలు గుమాస్తాకు పనికిరావని తేల్చేశాడు. వేళ్ళతో కాదు, ముంజేతి కండ ఆనించి చెయ్యంతా ఊపుతూ రాయాలట. ముందు వందల కొద్దీ సున్నాలు చుట్టాలి. మీటింగులో కెమెరా ఆపి చుట్టడం మొదలెట్టాను. టేబులు ఊగి పక్క సీటువాడి కాఫీ ఒలికింది. "ఏంటి బ్రో, పప్పు రుబ్బుతున్నావా?" అన్నాడు. పప్పు రుబ్బేవాడికీ కండే ఆధారం, కాదనలేదు.

మూడు నెలలకు నా సంతకం చూసి నాకే ముద్దొచ్చింది. అప్పుడే ఇల్లు మారాం. పది నెలల అడ్వాన్సు చెక్కుగానే కావాలన్నాడు ఓనరు. ఊపిరి బిగబట్టి, మూడు భాగాల పెద్దక్షరంతో, కింది గీత దాటి రెండు భాగాలు దిగే 'వై' తోకతో సంతకం చేశాను.

మూడో రోజు ఓనరు ఫోను. "సైన్ మ్యాచ్ ఆగిల్వంతె సార్." అంటే, సంతకం కలవలేదట.

కోణమాని పట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. కౌంటర్లో మేడమ్ స్క్రీను నా వైపు తిప్పింది. కాలేజీ రోజుల్లో అకౌంటు తెరిచినప్పటి సంతకం, కోడి గెలికినట్టుంది. "ఇలాగే పెట్టండి సార్" అంది. ప్రయత్నించాను. చెయ్యి ఒప్పుకోలేదు, ప్రతిసారీ అందంగానే వస్తోంది. వెనక క్యూ దగ్గుతోంది.

ఇంటికొచ్చి నాలుగు గీతల కాపీలో పాత సంతకం దిద్దుతున్నాను. కొలతలు తీశాను: మొదటి అక్షరం రెండు భాగాలు, మిగతా పేరూ ఇంటిపేరూ కలిపి ముప్పావు. వాలు కొలిచేలోపే పడుకుండిపోయింది.