లెక్కకు దొరకని కూర

మాంసం గురించి మన దేశంలో జరిగే వాదాలన్నీ తినవచ్చా, తినకూడదా అన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. ఆ సంగతి తాతల కాలంలోనే తేల్చుకున్న ఇళ్లలో గొడవ వేరు. ఎన్ని ముక్కలు, ఎవరికి? ఈ ప్రశ్న మీద వేరుపడిన అన్నదమ్ములున్నారు, పుట్టింటికి వెళ్లి నెల దాకా తిరిగి రాని కోడళ్లున్నారు, పెళ్లి పందిట్లో అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయిన వియ్యంకులున్నారు. అయినా ఏ పార్టీ దీన్ని ఎన్నికల ప్రణాళికలో పెట్టలేదు. చివరికి ఈ భారం కూడా నాలాంటి మధ్యతరగతి మేధావి నెత్తినే పడింది.

2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం వారు నమూనా సర్వే చేస్తూ, 15 ఏళ్లు దాటినవారిలో ఎవరెవరు మాంసం తింటారో ఆరా తీశారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 98 మంది తింటామన్నారు. ఆ సర్వేలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాకపోతే తింటారా అని అడిగి లేచి వెళ్లిపోయారు. కంచంలో ఎన్ని పడ్డాయి అని అడగలేదు. అడిగి ఉంటే ఎన్ని కాపురాలు కూలేవో.

గొర్రెలను మాత్రం మన ప్రభుత్వాలు శ్రద్ధగా లెక్కపెడతాయి. 2019 పశుగణనలో తెలంగాణలో కోటీ 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షలు తేలాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అంటే భారతదేశపు గొర్రెల్లో దాదాపు సగం తెలుగు అదిలింపులే వింటూ పెరుగుతున్నాయి. అంతకు రెండేళ్ల ముందు తెలంగాణలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద పంచారు కూడా. ఇంత మంద చుట్టూ మేస్తుండగా మా వీధి కొట్టులో కిలో మటన్ 900 రూపాయలు. గొర్రెకు మన భాష తెలుసు గానీ మన జీతం తెలియదు.

మా ఇంట్లో ఏడుగురం. అమ్మ, నాన్నగారు, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. పక్క ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం మాత్రం వదిన చేతి వంట గుర్తుకొచ్చే మా తమ్ముడు. ఆ రోజుకు అరకిలో. కొట్టు అతను కొడితే పద్దెనిమిది ముక్కలు వస్తాయి. మూలుగ ఎముక నాన్నగారిది, దాని మీద వాదన లేదు. కార్జం ముక్క అబ్బాయికి, రక్తం పడుతుందని. మెత్తటివి అమ్మకు, పళ్లు లేవు కనుక. తమ్ముడు అతిథి, అతిథి దేవుడు. ఇవన్నీ పోగా మిగిలేవి కొవ్వు, పొర, నమిలినకొద్దీ పెరిగే ఆ ఒక్క ముక్క. ఎనిమిదేళ్ల మా అమ్మాయికి ఏడో ఎక్కం ఇంకా రాలేదు. అన్నయ్య కంచంలో ముక్కలు మాత్రం గుమ్మం దగ్గర నుంచే లెక్కపెడుతుంది. "నాన్నా, వాడికి మూడు, నాకు రెండున్నర" అని, పులుసులో మునిగిపోయినదాన్ని కూడా కలిపి చెబుతుంది. ప్రతి ఆదివారం ఒంటిగంటకు ఇంట్లో కురుక్షేత్రం.

అందువల్ల నేను ముక్కల వ్యవస్థను రద్దు చేశాను. ఆ స్థానంలో ఖీమాను ప్రవేశపెట్టాను.

ముక్కకు రూపం ఉంది. రూపం ఉన్నదానికి లెక్క ఉంది. లెక్క ఉన్నచోట తగాదా ఉంది. ఖీమా నిరాకారం. వేదాంతులు పరబ్రహ్మం గురించి చెప్పిన మాటల్లో సగం దీనికి సరిపోతాయి: ఇంత అని చెప్పలేం, ఇక్కడ ఉంది అని చూపలేం, అంతటా ఉందని నమ్మాలి. మాట ఉర్దూ గుండా మన దగ్గరకు వచ్చింది, మూలం తుర్కీ భాషలో 'కియ్మా', అంటే సన్నగా తరిగినది. కోస్తాలో పెద్దవాళ్లు ఇప్పటికీ కైమా అంటారు. మా అమ్మమ్మ ఉచ్చారణ ఇస్తాంబుల్‌కు ఇంత దగ్గరగా ఉంటుందని ఆమెకు చివరిదాకా తెలియదు.

ఖీమాకు కిలోకు వంద ఎక్కువ. ఎముక బరువు రాదు కదా అన్నాడు కొట్టు అతను. అరకిలోకు 50 రూపాయలు అదనం. కుటుంబ శాంతికి అది ఒక ధరేనా? ఇక కత్తితో కొట్టినదా, మిషనులో ఆడించినదా అన్నది పెద్ద చర్చ. రుచి కత్తిదే, ఒప్పుకుంటాను. కానీ ఆదివారం తొమ్మిదింటికి వెనక పదిహేను మంది సంచులు పట్టుకుని నిలబడి ఉంటే, మొద్దు మీద అరగంట కత్తి ఆడించే ఓపిక ఎవరికి ఉంటుంది? కనుక మిషనే.

ఆ మిషనులో ఒక సామాజిక సత్యం ఉంది. మీ కళ్ల ముందే కోసిన తొడ మాంసాన్ని పైన వేస్తారు. కింద మొదట జారే పిడికెడు మీది కాదు. అది మీ ముందువాడిది, మిషను గొంతులో ఆగిపోయినది. మీ ఆఖరి పిడికెడు లోపలే ఉండి వెనకవాడి సంచిలోకి వెళుతుంది. ఆ లెక్కన మా వీధిలో ప్రతి కుటుంబమూ పక్క కుటుంబానికి ఒక పిడికెడు బాకీ. కులమతాలకు అతీతమైన ఈ వడ్డీలేని అప్పు గురించి ఏ అర్థశాస్త్రవేత్తా రాయలేదు. రాత్రి ఆఖరివాడి పిడికెడు ఏమవుతుందన్నది అడగకూడని ప్రశ్న. నేనైతే తొడ మాంసం కొనేవాడు ఎవరో గమనించి, సరిగ్గా అతని వెనక నిలబడతాను.

అసలు శాస్త్రం మూకుడులో మొదలవుతుంది. అరకిలో ఖీమా తన నీళ్లు తాను వదిలి, అవి ఇగిరేసరికి సుమారు పావు వంతు తగ్గిపోతుంది. మిగిలినది ఏడుగురికి రావాలంటే దానిలోకి మరొకరిని పంపక తప్పదు. ఆ వెళ్లేవారికి మూడు అర్హతలు ఉండాలి. రంగు కలవాలి, సైజు కలవాలి, పంటికి తేడా తెలియకూడదు.

శనగపప్పు ఈ పరీక్ష గౌరవంగా గట్టెక్కుతుంది. అరగంట నానబెట్టి వేస్తే, పలుకు విడవకుండా ఖీమాలో ఖీమాగా ఉండిపోతుంది. పైగా నవాబుల విందుల్లో మెరిసిన షామీ కబాబ్‌కు శనగపప్పు లేనిదే ముద్ద కట్టదు. కాబట్టి మన ఇంట్లో వేసినప్పుడు దాన్ని పొదుపు అనకూడదు, సంప్రదాయం అనాలి. బంగాళాదుంప కూడా మంచిదే, కాకపోతే ఖీమాకు రావలసిన మసాలా అంతా తానే తాగేస్తుంది. కోడి ఖీమా చవక అని సలహా ఇచ్చేవారున్నారు. మా నాన్నగారి ముందు ఆ మాట నేను రెండోసారి ఎత్తలేదు.

మీల్ మేకర్ కథ విషాదాంతం. నానబెట్టి, పిండి, సన్నగా తరిగితే మూడు అర్హతలూ నూటికి నూరు పాళ్లు. ఎండు సోయాలో వంద గ్రాములకు 50 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, మేక మాంసంలో అందులో సగం కూడా ఉండవు. పోషకాల లెక్కన చూస్తే ఆ కూరలో కల్తీ మేకే. ఇంత బలమైన వాదం సిద్ధం చేసుకుని, సగానికి సగం కలిపించి వడ్డించాను. నాన్నగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుని అడిగారు: "ఈ మేక ఏ చెట్టుకు కాసిందిరా?"

అప్పటి నుంచి మాది బఠానీల ఇల్లు. బఠానీ నిజాయితీపరురాలు. ఆకుపచ్చగా, గుండ్రంగా, నేను మాంసాన్ని కాదని కంచంలోనే ఒప్పేసుకుంటుంది. దానిలో లోపం ఒకటే. లెక్కకు దొరుకుతుంది. ముక్కలు లేక చేతులు ఖాళీ అయిన మా అమ్మాయి బఠానీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఈసారి ఆట తలకిందులు: ఎక్కువ పడినవారు ఓడినట్టు. "తాతయ్యకు నాలుగు, బాబాయికి ఆరు, నాన్నకు ఏడు, అమ్మకు ఇరవై మూడు!" ప్రతి ఆదివారం అమ్మే ఓడిపోతోంది. దీన్నిబట్టి మా ఆవిడకు బఠానీలంటే ప్రాణమని పన్నెండేళ్ల కాపురం తర్వాత నాకు అర్థమైంది. అప్పటి నుంచి పావుకిలో ఎక్కువే తెస్తున్నాను.

ఆకుకూరల సంగతి వేరు, అవి కూరను పెంచవు. మెంతికూర కట్ట సంచిలో కొండంత, మూకుడులో గోరంత. కానీ గోంగూర, చుక్కకూర చేసే పని సూక్ష్మమైనది: పులుపు పెరిగితే అన్నం లాగుతుంది. పిడికెడు కూరతో కంచం నిండా అన్నం వెళ్లిపోతుంది. పచ్చడి మెతుకులతో పెరిగిన జాతికి ఈ రహస్యం ఒకరు చెప్పాలా? హైదరాబాద్ వారు ఇంకో అడుగు ముందుకు వేశారు. పొద్దున్నే ఎర్ర కందిపప్పు వేసిన ఖిచిడీ ఒక గుట్ట, పక్కన ఇంత ఖీమా, పైన నువ్వులు, చింతపండు కలిపిన ఖట్టా. ఇంత పొదుపును ఇంత దర్జాగా వడ్డించిన ఊరు మరొకటి ఉందా అని నా అనుమానం. వారి పెళ్లిళ్లలో లుఖ్మీ అని నలుచదరంగా ఒకటి వస్తుంది. మైదా పొరల మధ్య చెంచాడు ఖీమా. చెంచాడుతో అతిథిని సంతృప్తిపరచి, వెనక్కి తిరిగి చూసి మరొకటి అడిగేలా చేసే ఆ వంటవారిని ఆర్థిక సంఘంలో వేయాలి.

ఒక హెచ్చరిక. ఖీమా ఆగదు. ముక్కకు పైన మాత్రమే ఉండే క్రిములు తరిగేటప్పుడు లోపలంతా చేరతాయి. అందుకే కొన్న పూటే, ఎర్రదనం ఎక్కడా మిగలకుండా ఉడికించాలి. మొన్న సంక్రాంతి ముందు ఆదివారం మా ఆవిడ తలనొప్పిగా ఉందని పడుకుంది. తలనొప్పి సోమవారం దాకా ఆగుతుంది, ఖీమా ఆగదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని ఈ సూక్ష్మజీవశాస్త్రమంతా ఓపికగా వివరించాను. ఆమె మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లింది. స్త్రీలకు శాస్త్రం అర్థం కాదనేవారికి ఇదే నా సమాధానం.

ఈ విధంగా అరకిలో ఏడుగురికి సరిపోతోంది. నేను దీన్ని వీధి సంఘం సమావేశంలో గణితపరంగా నిరూపించాను. అరకిలో ఖీమా, నాలుగు ఉల్లిపాయలు, బఠానీలు. మనిషికి రెండు గరిటెలు. ఎవరూ ఇంకా కావాలని అడగరు, ఎవరూ అలగరు. కార్యదర్శి లేచి, "వడ్డించేది ఎవరండీ?" అని అడిగాడు. ప్రశ్నకూ విషయానికీ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు. మా ఆవిడే వడ్డిస్తుంది, వడ్డించేవారు ఆఖర్న తింటారు, అది ఏ ఇంట్లోనైనా ఉన్నదే అని చెప్పి కూర్చున్నాను.

పోయిన నెల వాళ్ల అక్క కూతురి ఓణీల వేడుకకు మా ఆవిడ ఊరికి వెళ్లింది. ఆ ఆదివారం నేనే గరిటె పట్టాను. విధానం నాదే కనుక భయం లేదు. ఖీమాను చిల్లుల గిన్నెలో కడిగాను, మొదటి పిడికెడు సింకులో కొట్టుకుపోయాక. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, పసుపు, ఖీమా వేసి, చుక్క నీళ్లు పోయకుండా మూత పెట్టాను. అదే నీళ్లు వదిలింది. ఇగిరి నూనె తేలేదాకా తిప్పుతూనే ఉన్నాను. నలభై నిమిషాలు, భుజం లాగేసింది. బఠానీలు, కారం, ధనియాల పొడి, ఆఖర్న కొత్తిమీర. మూత తీస్తే నాన్నగారు వంటింటి గుమ్మం దాకా వచ్చారు. ఇరవై ఏళ్లలో ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

వడ్డించాను. మనిషికి రెండు గరిటెలు. నాన్నగారు కంచం వైపు చూసి ఊరుకుంటే మూడోది వేశాను. తమ్ముడు "అన్నయ్యా, అదిరింది" అన్నాడు, అతనికీ ఒకటి. అబ్బాయి ఎదుగుతున్న పిల్లవాడు. అమ్మ వద్దంటూనే కంచం జరిపింది. అమ్మాయి బఠానీలన్నీ ఏరి గట్టున పెట్టి, ఖీమా మాత్రం ఇంకొంచెం వేయమంది. అందరూ చేతులు కడుక్కున్నాక నేను కూర్చుని మూకుడులోకి చూశాను.

ఏమీ లేదు.

ఏడుగురికి సరిపోయే కూర ఆరుగురికి సరిపోలేదు. ఇది గణితానికే విరుద్ధం. కొట్టు అతను తూకంలో మోసం చేశాడని తేల్చుకుని, వెంటనే వెళ్లి నిలదీశాను. అతను నొచ్చుకుని, అరకిలో రాయి తెచ్చి త్రాసులో పెట్టి చూపించాడు. సూది నిట్టనిలువుగా నిలబడింది. తిరిగి వచ్చి సింకు గొట్టం విప్పి చూశాను. అక్కడా పిడికెడుకు మించి లేదు.

మూడింటికి మా ఆవిడ ఫోను చేసింది.

"ఏమండీ, అందరూ తిన్నారా? సరిపోయిందా?"

"అందరికీ సరిపోయింది. నాకే లేదు. ఎక్కడో లెక్క తప్పింది."

అవతల కాసేపు మాట లేదు. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను.

"మూకుడు కడిగేశారా?"

"ఇంకా లేదు."

"అయితే అందులోనే కాస్త వేడి అన్నం వేసి, అడుగు గీకి కలపండి. అంటుకున్న మసాలా అంతా వదిలి వస్తుంది. పిల్ల ఏరి పెట్టిన బఠానీలు ఉంటాయి, అవీ వేసుకోండి."

ఆమె చెప్పినట్టే చేశాను. మాడీమాడని ఆ ఉల్లి, నూనె, మసాలా అన్నానికి పట్టి ఏమి రుచి! మూకుడు వేళ్లతో తుడిచేశాను. ఇంతటి రుచిని పన్నెండేళ్లుగా తానొక్కతే అనుభవిస్తూ, కట్టుకున్నవాడికి ఒక్క మాటైనా చెప్పనందుకు నాకు మా ఆవిడ మీద చాలా కోపం వచ్చింది.