గేర్‌బాక్స్ పోయిందని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది

ఆటోమేటిక్ కారున్న ఇంట్లో ఏదో ఒక రోజు రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. దానికి కారణం కనిపెట్టడానికి మన కుటుంబాలు తరతరాలుగా పాటిస్తున్న పద్ధతిని మెకానిక్కులు కొందరు చులకన చేస్తున్నారు కనుక, దాన్ని సమర్థిస్తూ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందు తీర్పు, తరవాత వీలుంటే విచారణ. ఇంతే పద్ధతి. "గేర్‌బాక్స్ పోయింది" అని పెద్దాయన ముందు సీట్లోంచి ప్రకటిస్తారు. వెనక సీట్లోంచి బావమరిది "కాదు బావా, టార్క్ కన్వర్టర్" అంటాడు. అదేమిటని ఎవరూ అడగరు. అడిగితే చెప్పలేడని అందరికీ తెలుసు, బంధువుల మధ్య ఆమాత్రం మర్యాద ఉండాలి. (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం అది. ఒక వైపు రెక్కలు ఆయిల్‌ని తోస్తే ఆ తోపుడుకి ఎదుటి వైపు రెక్కలు తిరుగుతాయి. చర్చకి అడ్డం కాబట్టి బ్రాకెట్లో పెట్టాను.)

గిట్టనివాళ్లు ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడమంటారు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఉన్న బళ్లలో చాలావాటికి బండి వేడెక్కాక, మిట్టపల్లాలు లేని చోట, పార్క్‌లో పెట్టి, ఇంజను తిరుగుతుండగానే చూడాలట. కొన్నింటికి ఇంజను ఆపి చూడాలట. దేనికి ఎలాగో మాన్యువల్లో రాసి ఉంటుందట. ఆ మాన్యువల్ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లో నలగకుండా ఉంది, దాన్నిప్పుడు పాడుచేయమంటారా? చుక్క తీసి తెల్లగుడ్డ మీద వేయాలట. చాలా ఆయిళ్లు కొత్తలో ఎర్రగా, తేటగా ఉంటాయి. ముదురు గోధుమరంగుకి తిరిగి మాడు వాసన కొడితే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయేమో చూడాలి. గులాబి రంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయని అనుమానించాలి. ఆయిల్ తగ్గితే డి (డ్రైవ్) లో వేశాక బండి కాసేపు ఆలోచించి గానీ కదలదు, ఎక్కువైతే నురగ కట్టి మళ్లీ అదే తంతు. ఇదంతా ఒక్క గుడ్డముక్కతో తేలిపోయేదైతే ఇక ఇంతమంది బంధువులెందుకు?

బండి కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ విషయంలో మాత్రం మనం ఉదారులం. పెట్టగానే పి0700 అని వస్తుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు నమోదైంది అన్న కబురు తప్ప అందులో ఇంకేమీ లేదు. మొదటి బల్ల దగ్గర గుమస్తా "మీ ఫైలు పక్క సెక్షన్లో ఉంది" అన్నట్టే. చవక స్కానర్లు చాలావరకు పక్క సెక్షన్‌కి వెళ్లవు. వెళ్లేది పెడితే పి0750 రావచ్చు, అది ఒక షిఫ్ట్ సోలినాయిడ్ (గేరు మారడానికి ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వు) సంగతి. పి0740 వస్తే టార్క్ కన్వర్టర్ రెండు వైపుల్నీ కలిపి బిగించే క్లచ్ తాలూకు కరెంటు సర్క్యూట్. అప్పుడు కూడా ముందు వైర్లూ కనెక్టర్లూ చూడాలి. మనకంత ఓపికెక్కడిది? "చూశారా, కంప్యూటర్ కూడా గేర్‌బాక్సే అంది" అంటారు పెద్దాయన. తీర్మానం ఖాయమైనట్టే.

ఇంతలో మెకానిక్ చొరబడి సంబంధం లేని ప్రశ్నలు వేస్తాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడా, మెల్లగా పోతున్నప్పుడా? ఈమధ్య బ్యాటరీ తీశారా? (కొన్ని బళ్లలో బ్యాటరీ తీస్తే గేర్లు మార్చడంలో కంప్యూటర్ నేర్చుకున్నదంతా మరిచిపోయి, మళ్లీ నేర్చుకునేదాకా కుదుపుతుంది.) అందరూ ఒకేసారి "ఎప్పుడూ అంతేనండీ" అంటారు. రోజూ ఆ బండి నడిపేది ఇల్లాలు. పొద్దున బయల్దేరినప్పుడు బాగానే ఉంటుందనీ, కాస్త దూరం పోయాకే మొదలవుతుందనీ ఆమెకి తెలుసు. ఆయిల్ వేడికి పలచబడ్డాక అరిగిన సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే రింగుల) దగ్గర ప్రెషర్ పడిపోతోందేమోనని మెకానిక్‌కి తట్టడానికి ఆ ఒక్క ముక్క చాలు. ఆమె నోరు విప్పబోతుంది. "నువ్వుండు, నేను చెప్తున్నాగా" అంటారు పెద్దాయన.

ఇక గేరు లివర్ పి (పార్క్) లోంచి కదలనని మొండికేసిన రోజు సంగతి. ఆ రోజు బావమరిది కూడా ఎదురు చెప్పడు. గేర్‌బాక్స్ బిగుసుకుపోయింది, విప్పించాల్సిందే. బ్రేకు తొక్కారని తెలిస్తే తప్ప లివర్‌ని వదలని తాళం ఒకటుంటుంది, ఆ కబురు చేరవేసేది పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్. చాలా బళ్లలో వెనక బ్రేకు లైట్లు వెలిగించేదీ అదే. అది మొరాయిస్తోందని ఒక మనిషికి ముందే తెలుసు. మొన్న మన వెనకే వస్తూ, లైటు వెలగకుండా మన బండి ఆగినప్పుడల్లా గుండె గుభేల్మని హారన్ వాయించినాయన. మనవాడు కాదు కాబట్టి ఆయన్ని చర్చకి పిలవలేదు.